ఓడ దిగిన మాటలు

ఇంగ్లీషు నుడికారంలో సగం ఉప్పునీళ్ల రుచే. అర్థం తెలియకుండా వాడితే మాత్రం మునక తప్పదు

సూరత్‌లోని వడోద్ లాంటి చోట్ల ఇప్పుడు వినిపించేది అలల హోరు కాదు, మరమగ్గాల చప్పుడు. కానీ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'హెక్టర్' 1608లో లంగరు వేసింది ఈ సూరత్ తీరంలోనే. తాపీ నదిలోకి పెద్ద ఓడలు రాలేవు కనుక సువాలీ దగ్గర ఆగేవి. సరుకుతో పాటు నావికుల భాషా అక్కడే దిగింది.

ఆ భాష నేడు ఓడ మొహం చూడని ఆఫీసుల్లో వినిపిస్తోంది. 'బై అండ్ లార్జ్' అంటే మొత్తమ్మీద అని అందరికీ తెలుసు. గాలికి దాదాపు ఎదురుగా సాగడం 'బై', వెనక గాలితో సాగడం 'లార్జ్'. రెండు రకాలుగానూ నడిచే ఓడకు దక్కిన కితాబు అది. 'టేకెన్ అబ్యాక్' అంటే నేడు బిత్తరపోవడం. నాడు ఎదురుగాలి తెరచాపలను స్తంభానికేసి వెనక్కు నొక్కేయడం. ఓడ ఉన్నచోటే ఆగిపోయేది, స్తంభాలు విరిగినా విరిగేవి.

'అలూఫ్' కథ మరీ చిత్రం. అంటీముట్టనట్టుండే మనిషిని తప్పుపట్టే మాట ఇది. అసలది చుక్కాని పట్టినవాడికిచ్చే ఆదేశం: గాలి ఒడ్డుకేసి నెడుతోంది, ఓడ ముక్కు గాలివైపు తిప్పి దూరంగా ఉంచు. ఆ దూరం అహంకారం కాదు, ప్రాణరక్షణ.

అప్పు ఒకవైపే కాదు. 'డింగీ', 'లస్కర్' మన తీరాల నుంచి ఇంగ్లీషులోకి వెళ్లినవే. తెలుగు 'చుక్కాని' అరబ్బీ నుంచి, 'లంగరు' పారసీకం నుంచి వచ్చాయి. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు బర్మాలో తెలుగువాళ్లందరికీ పేరైంది.

తెలుగు నుడికారమూ నీళ్లెరిగినదే. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అన్నదానికి సూరతే సాక్ష్యం. 1687లో కంపెనీ తన ప్రధాన కేంద్రాన్ని బొంబాయికి మార్చాక రేవు వెలుగు క్రమంగా తగ్గింది. తర్వాతి కాలంలో ఊరు బట్టతో మళ్లీ లేచింది. ఆ మగ్గాలను నమ్ముకునే తెలంగాణ చేనేత కుటుంబాలు అక్కడికి చేరాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులూ నడిపింది.

చిక్కల్లా ఇక్కడే ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ, ఉద్యోగానికి ఇంగ్లీషు. 'టేకెన్ అబ్యాక్' నేర్చిన కుర్రాడికి 'నట్టేట ముంచడం' తెలియకపోతే అతని మాటల వెనక బొమ్మ ఉండదు, పదకోశంలోని అర్థమే మిగులుతుంది. ఒక భాషలో జాతీయం వెనక కథ ఉంటుందని ఎరిగినవాడే రెండో భాషలోనూ దాన్ని వెతుకుతాడు. ఇంగ్లీషు రావాలంటే తెలుగు పోవాలనుకునే తల్లిదండ్రులు మరిచేది ఇదే.

ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ల గురించి తెలుగులో సామెత ఉంది. అది తెలియాలన్నా తెలుగు రావాలి.