బడి బీరువాలో పిల్లల ఆధార్ ఎందుకు?

హైదరాబాద్ నగరంలో అంబర్‌పేట్ నుంచి ఉప్పల్ మీదుగా నాచారం దాకా ప్రైవేటు బడులకు, ట్యూషన్ సెంటర్లకు కొదవ లేదు. ఎక్కడ చేర్పించాలన్నా అడ్మిషన్ ఫారంతో పాటు పిల్లల ఆధార్ జిరాక్స్, తల్లిదండ్రుల ఆధార్ జిరాక్స్ జతచేయడం రివాజైపోయింది. కట్టిన ఫీజుకు రసీదు ఇస్తారు. ఆ జిరాక్సులు ఏ బీరువాలో ఉన్నాయో, ఎవరి ఫోన్లోకి ఎక్కాయో, పిల్లవాడు బడి మారాక ఏమయ్యాయో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ రివాజు ఆగాలి. పిల్లల గుర్తింపు పత్రాలను చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలని, ప్రతులు దాచుకోరాదని పాఠశాల విద్యాశాఖ వచ్చే విద్యాసంవత్సరంలోపే ఉత్తర్వు ఇవ్వాలి.

పిల్లల వివరాలకు సంతలో గిరాకీ ఉందని మన పోలీసులే బయటపెట్టారు. 2023 మార్చిలో 16.8 కోట్ల మంది సమాచారాన్ని అమ్ముతున్న ముఠాను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నప్పుడు, అందులో నీట్ విద్యార్థుల పేర్లు, తండ్రి పేర్లు, ఫోన్ నంబర్లు కూడా దొరికాయి. అంతకుముందు 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే వ్యక్తి ఒకరు, భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి వేలాది సిమ్‌లు తీసిన వ్యవహారం బయటపడింది. ఒక పనికి ఇచ్చిన వివరం, ఆ పని తీరాక కూడా నిలవ ఉంటే దొంగ చేతికి చిక్కుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పెద్దల పేరుతో మోసం జరిగితే బ్యాంకు మెసేజో, సిబిల్ స్కోరో ఎప్పుడో ఒకప్పుడు పట్టిస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ రెండూ ఉండవు. ఆధార్ నంబరేమో జన్మంతా అదే. ఇవాళ పోయిన వివరం తొలి ఉద్యోగమో, తొలి అప్పో వచ్చే నాటికి గానీ బయటపడకపోవచ్చు.

మైనర్ల పేరిట అప్పు పుట్టదు కదా, నష్టమేమిటని కొందరి వాదన. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనర్ ఒప్పందం చెల్లదన్నది నిజమే. కానీ దొంగ మైనర్‌నని చెప్పుకోడు, పుట్టిన తేదీ దిద్దుకుని వస్తాడు. అమెరికాలో 2018 సెప్టెంబరు నుంచి పదహారేళ్ల లోపు పిల్లల క్రెడిట్ రికార్డును తల్లిదండ్రులు ఉచితంగా స్తంభింపజేసే హక్కు పొందారు. పసివాళ్లకు అప్పు ఇవ్వని దేశానికి కూడా అలాంటి చట్టం అవసరమైంది. ఇక్కడ పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా బ్యాంకు ఖాతా నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2014లోనే వీలు కల్పించింది. ముప్పు ఆ మేరకు మరింత దగ్గరైంది.

కేంద్రం నడిపే బడుల సమాచార వ్యవస్థ యూడైస్‌లో నమోదుకు, విద్యార్థుల శాశ్వత గుర్తింపు సంఖ్య అయిన అపార్ ఐడీకి ఆధార్ కావాలని యాజమాన్యాలు అంటాయి. కానీ బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న స్పష్టం చేసింది. వయసు రుజువు లేదని ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అపార్‌కు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. వాళ్లు సమ్మతించి నంబరు ఇచ్చినా, దాన్ని నమోదు చేసి సరిచూసుకున్నాక జిరాక్స్‌తో ఇంకేం పని? చిన్న బడులకు భారమన్న మాటా నిలవదు. దాచకపోవడానికి ఖర్చేముంది?

కేంద్రం తెచ్చిన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అన్నీ చూసుకుంటుందని ఊరుకోవడమూ పొరపాటే. పిల్లల సమాచారం విషయంలో విధులు మీరితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చన్నది నిజం. అయితే నియమాలు 2025 నవంబరులో వెలువడినా, ముఖ్యమైన విధులు అమల్లోకి వచ్చేది పద్దెనిమిది నెలల తర్వాతే. పైగా ఆ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న, లేదా ఆ రూపంలోకి మార్చిన సమాచారానికే వర్తిస్తుంది. బీరువాలోని కాగితం దాని పరిధిలోకి రాదు.

ఆ లోటు పూడ్చాల్సింది రాష్ట్రమే. అంబర్‌పేట్ హైదరాబాద్ జిల్లాలో, ఉప్పల్, నాచారం మేడ్చల్-మల్కాజిగిరిలో ఉన్నాయి కనుక ఏ ఒక్క జిల్లా విద్యాధికారి (డీఈఓ) సర్క్యులర్‌తోనో సరిపోదు. పాత జిరాక్సులను గడువులోగా తల్లిదండ్రులకు తిరిగి ఇవ్వడమో, వాళ్ల ముందే చింపేయడమో జరగాలి. బడుల గుర్తింపు రెన్యువల్ తనిఖీలో దీన్నీ చేర్చాలి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండని తల్లిదండ్రులకు చెప్పడం మంచిదే. కానీ సీటు కోసం కౌంటర్ ముందు నిలబడ్డ తల్లి ఇవ్వనని ఎలా అంటుంది? అడగకూడదని బడికి చెప్పాల్సింది ప్రభుత్వమే.