పాఠం ఫోన్‌లో, పరీక్ష బొమ్మ మీద

2023 జూన్ 2 సాయంత్రం కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్ దాటి వెళ్లాక బహనగా బజార్ దగ్గర పట్టాలు తప్పింది. 290 మందికి పైగా పోయారు. సహాయ బృందాలు చేరేలోగా బోగీల్లోంచి క్షతగాత్రులను లాగింది చుట్టుపక్కల ఊళ్ల జనమే. ఆ చోటు ఖరగ్‌పూర్ డివిజన్‌లోదే. రైళ్లు నడిపేవాళ్లకు రైల్వే ప్రథమ చికిత్స నేర్పుతుంది, సరే. వాళ్ల ఇళ్లలోవాళ్లకు, రిటైరైనవాళ్లకు, స్టేషన్ బయట టీ అమ్మేవాళ్లకు ఎవరు నేర్పుతారు? బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకైతే తెలుగులోనే నేర్పాలి. 2020లో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది గానీ, హోదా వచ్చినంత మాత్రాన బోధకులు పుట్టుకురారు. దూరవిద్య అవసరం ఇక్కడే. హైదరాబాద్‌లో ఒకసారి తీసిన పాఠాన్ని ఖరగ్‌పూర్ క్వార్టర్స్‌లో ఎన్నిసార్లైనా చూడొచ్చు. 1982 నుంచి సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీలు చదువుతున్న తెలుగువాళ్లకు ఇది కొత్త పద్ధతేమీ కాదు.

వీడియో చూస్తే చెయ్యి తిరుగుతుందా అని అడిగేవాళ్ల మాట నిజమే. గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కాలి. ఆ లోతు కళ్లకు అందదు, మణికట్టుకే తెలుస్తుంది. అమెరికాలో కొందరికి గాలి నింపే మనిషి బొమ్మతో పాటు 22 నిమిషాల వీడియో ఇచ్చి సొంతంగా నేర్చుకోమన్నప్పుడు, వాళ్లు గంటల తరబడి క్లాసులో కూర్చున్నవాళ్లతో దాదాపు సమానంగా చేశారు. అయితే అక్కడ గెలిచింది ఒట్టి వీడియో కాదు, చేతి కింద బొమ్మ ఉంది. పైగా క్లాసులో నేర్చింది కూడా కొన్ని నెలల్లోనే సడలిపోతుంది. మళ్లీ గుర్తు చేయడానికి ఫోన్‌ను మించిన సాధనం లేదు.

అరకొర జ్ఞానం ప్రమాదమని ఇంకో అభ్యంతరం. మూర్ఛ వచ్చినవాడి చేతిలో తాళాలు పెట్టడం, కాలిన చోట టూత్‌పేస్ట్ పూయడం, పాము కాటుకు పైన తాడు బిగించడం, స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయడం: ఇప్పుడున్న జ్ఞానం ఇదీ! వీటిని మాన్పించడానికి బొమ్మ కూడా అక్కర్లేదు, పది నిమిషాల తెలుగు పాఠం చాలు. అసలు సగం ప్రథమ చికిత్స ఏం చేయకూడదో తెలియడమే.

కాబట్టి రైల్వే డివిజన్, పట్టణంలోని తెలుగు సంఘాలు కలిసి పాఠాలు ఫోన్లకు పంపాలి. నెలకో ఆదివారం రైల్వే ఇనిస్టిట్యూట్ హాల్లో పది బొమ్మలు పరచాలి. ఆన్‌లైన్ ప్రశ్నలకు టిక్కులు పెట్టినంతలో ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వొద్దు, బొమ్మ మీద నొక్కి చూపించినవాళ్లకే ఇవ్వాలి.