పొర లేదంటే కన్ను బాగున్నట్టేనా?

పరిగి మండలంలో కంటి శిబిరం అనగానే ముసలివాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "పొర వచ్చిందా?" వచ్చిందంటే ఆపరేషన్, లేదంటే ఇంటికి. ఆ "లేదు" అనే మాటను నమ్ముకొని కొందరు ఉన్న చూపు పోగొట్టుకుంటున్నారు.

కంటి వెనుక రెటీనా అనే పలుచని తెర ఉంటుంది. దాని నడిమి భాగం మాక్యులా. ఎదుటి మనిషి ముఖం, బస్సు బోర్డు, బియ్యంలో రాయి తేటగా కనబడేది దానివల్లనే. వయసు మీద పడి అది చెడితే చూపుకు సరిగ్గా మధ్యలో మసక నిలుస్తుంది. పక్కచూపు మాత్రం మిగులుతుంది. అందుకే అవ్వ చెరువు కట్ట దాకా ఒంటరిగా నడిచి వస్తుంది గాని, పలకరించే దాకా మనుమణ్ణి గుర్తుపట్టదు. "నడుస్తానే ఉంది కదా, కంటికేమైంది?" అని ఇంట్లోవాళ్లు గదమాయిస్తారు. పాపం, ఆమె నటించడం లేదు.

ఇది పట్నాల జబ్బు కాదు. 1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి రాష్ట్రంలో చేసిన సర్వేలో, 40 ఏళ్లు దాటిన 3,723 మందిలో 71 మందికి ఈ జబ్బు కనిపించింది. చుట్ట తాగినవాళ్లలో ఎక్కువ. బీడీ, సిగరెట్టూ అంతే చేటు.

జబ్బు రెండు రకాలు. పొడి రకం ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది. తడి రకంలో రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారుతాయి. వారాల్లోనే చూపు పడిపోవచ్చు. దీనికి కంటిలోకే సూదిమందు వేస్తారు. పోయిన చూపు పూర్తిగా రావడం అరుదు, మిగిలిందాన్ని చాలామందికి నిలబెట్టవచ్చు. కనుక ఆలస్యమే అసలు శత్రువు.

పసిగట్టడం కష్టం కాదు. అద్దాలుంటే పెట్టుకొని, ఒక కన్ను మూసి తలుపు చట్రాన్ని చూడాలి. తర్వాత రెండో కన్ను. నిలువు గీత వంకరగానో, నడుమ తెగినట్టో కనిపిస్తే వెంటనే రెటీనా చూసే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. పుట్టపర్తిలోని సత్యసాయి ఉన్నత వైద్య సంస్థలో కంటి విభాగం ఉంది, అక్కడ వైద్యం ఉచితం.

నెల మొదట్లో పింఛను ఇవ్వడానికి సచివాలయ సిబ్బంది ప్రతి ముసలివారి గడపకూ వస్తున్నారు. అక్కడే ఈ తలుపు పరీక్ష చేయించడానికి రెండు నిమిషాలు చాలు. శిబిరాలు నడిపే దాతలు కూడా పొరతో సరిపెట్టక, చుక్కలు వేసి రెటీనా చూడగల వైద్యుణ్ణి పిలిపించాలి. మరొక మాట. సూదులు మొదట్లో నెలకొకటి చొప్పున వేయించాలి; తోడు వెళ్లే కొడుకుకు ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. ఆ రోజుల్లో ఆసుపత్రికి ఒక బండి ఏర్పాటు చేసే భారం పంచాయతీ పెద్దలు తీసుకోవాలి.