హాజరు పట్టీలో కనబడని భక్తి

పోయిన క్రిస్మస్‌కి మా మందిరంలో నాకొక స్టీలు డబ్బా బహుమతిగా ఇచ్చారు. ఏడాదంతా ఒక్క ఆదివారం కూడా మానకుండా ఆరాధనకు వచ్చినందుకు. అందులో ఇప్పుడు కందిపప్పు పోసుకున్నాను గానీ, ఆ డబ్బాను చూసినప్పుడల్లా కొంచెం సిగ్గుగా ఉంటుంది. ఎందుకో చెప్తాను.

ఆదివారం మా ఇంట్లో తెల్లవారుజాము నుంచే హడావుడి. పిల్లల స్నానాలు, ఇస్త్రీ బట్టలు, ఆలస్యమైతే వెనక వరుసలో కూర్చోవాలన్న కంగారు. తిరిగొచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. "కుక్కర్ కూడా పెట్టలేదా అత్తా?" అని మోకాళ్ల నొప్పులతో లేవలేని మనిషి మీద అరిచేదాన్ని. ఒకరోజు మా చిన్నది అడిగింది: "అమ్మా, చర్చికి పోయొచ్చిన రోజే నీకు ఎక్కువ కోపం వస్తుంది, ఎందుకు?" నా దగ్గర జవాబు లేదు. చేతిలో బైబిలు ఇంకా అలాగే ఉంది.

మా వీధి చివర ఒక అక్క ఉంది. మా ఆదోని, కోసిగి, కౌతాళం వైపు సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వానను నమ్ముకున్న పొలాలు. పంట చేతికొచ్చినా అప్పులకే సరిపోతుంది. సంక్రాంతికి అటూ ఇటూగా ఎన్నో కుటుంబాలు తట్టాబుట్టా సర్దుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు, సుగ్గికి పోతాయి. ఆ అక్కదీ అదే బతుకు. మూడు నెలలు మందిరంలో కనబడదు. శ్రమకాలపు నలభై రోజుల ప్రార్థనలు ఆమె లేకుండానే అయిపోతాయి. స్త్రీల కూడికలో ఎవరో "ఆమె ఆత్మీయంగా చల్లారిపోయింది" అన్నారు. తలూపినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఈస్టర్ తర్వాత ఆమె వచ్చింది. అక్కడ ప్రార్థన చేసుకునేదానివా అక్కా అని అడిగాను. "యాడ తీరుతాదిమ్మా! పొద్దుగూకేదాకా కోతే. గుడిసెకొచ్చినాక చేతులు ఒకటే మంట. బిడ్డ ఏడుస్తుంటే కన్నీళ్లు తుడవాలన్నా భయమే. పండుకునే ముందు దేవుణ్ణి తల్చుకుంటాంటిమి, అంతే" అంది.

తర్వాత ఆమెతో పోయినవాళ్లు చెప్పారు. పక్క గుడిసెలో వేరే ఊరి గర్భిణికి జ్వరమొస్తే, ఈమె రెండు రోజులు కోతకు పోకుండా ఆసుపత్రిలో తోడుందట. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట రెండు రోజులంటే మాటలు కాదు. ఈ సంగతి ఆమె సాక్ష్యంలో చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తోచినట్టు కూడా లేదు.

హాజరును లెక్కపెట్టడం సులువు. అందుకే దాన్నే లెక్కపెడతాం. యాకోబు తన పత్రికలో నిజమైన భక్తి గురించి రాసేటప్పుడు దిక్కులేని పిల్లలను, విధవరాళ్లను వాళ్ల కష్టంలో ఆదుకోవడం గురించి చెప్పాడు. ప్రభువైతే కానుకను బలిపీఠం దగ్గరే వదిలిపెట్టి, ముందు పోయి సహోదరుడితో సమాధానపడమన్నాడు. కూడుకోవడం మానొద్దని చెప్పే హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం 25వ వచనం మనందరికీ నోటికొచ్చు. దాని ముందున్న 24వ వచనం ఎంతమందికి గుర్తుంది? ప్రేమకూ మంచి పనులకూ ఒకరినొకరు పురికొల్పుకోవాలన్నది అక్కడి మాట. మనం కూడుకునేది అందుకే.

"అయితే మందిరానికి పోనక్కర్లేదా?" అని అడుగుతారేమో. నేను ఆ మాట అనడం లేదు. నా పుట్టిల్లు ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. మగ్గం చప్పుడు వింటూ పెరిగినదాన్ని. పడుగు లేకుండా నేత లేదు, నిజమే. కానీ పడుగు ఒక్కటే ఉంటే అవి ఉత్త దారాలే. పేక పడితేనే చీరవుతుంది. ఆదివారం పడుగు. మిగతా ఆరు రోజులు పేక.

కాబట్టి మనల్ని మనం వేరే ప్రశ్నలు అడుగుదాం. పోయినేడాది కంటే నా నోటి మాట మెత్తబడిందా? తోడికోడలితో మాట్లాడుతున్నానా? ఇంట్లో పనిచేసే ఆమెకు చెప్పిన రోజున జీతం ఇస్తున్నానా? లేని మనిషి గురించి మాట్లాడేచోట నోరు మూసుకోగలుగుతున్నానా?

సంఘాలుగా కూడా ఒక పని చేయొచ్చు. వలస పోయినవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు ఉన్నా, ఇంటి దగ్గర మిగిలిపోయే ముసలివాళ్ల సంగతేమిటి? సుగ్గికి పోయినవాళ్లు ఎందుకు రాలేదని అడిగే బదులు, వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లకు ఎవరు ఏ రోజు అన్నం తీసుకుపోవాలో స్త్రీల కూడికలో రాసుకుంటే ఎంత బాగుంటుంది! ఆ పట్టీలో నా పేరు మొదట రాయమని చెప్పాను.

ఇప్పుడు ఆదివారం అత్తకు అన్నం పెట్టి, మందులిచ్చి మందిరానికి పోతున్నాను. చాలాసార్లు వెనక వరుసే దొరుకుతోంది. మా చిన్నది మాత్రం ఈమధ్య ఆ ప్రశ్న అడగడం లేదు.