ఎనిమిదో నంబరు గది

ఇళ్ళల్లో ఆడపిల్లలు కొరియన్ సీరియళ్ళకు అతుక్కుపోతున్న రోజులివి. చదువుకో, ఉద్యోగానికో సియోల్ చేరిన మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను చూడ్డానికి వెళ్ళే అమ్మలకు రాజభవనాలు, బజార్లు ఎలాగూ చూపిస్తారు. సోదేమున్ జైలు కూడా చూపించమని అడగండి.

1908లో జపాన్ వాళ్ళ అజమాయిషీలో తెరిచిన ఎర్ర ఇటుకల జైలు అది. 1910 నుంచి 1945 దాకా కొరియాను ఏలిన జపాన్, స్వాతంత్ర్యం అడిగినవాళ్ళను అందులో కుక్కింది. 1998లో దాన్ని మ్యూజియం చేశారు.

చాలామంది నేలమాళిగలో చిత్రహింసల బొమ్మలు చూసి, "అమ్మో!" అనుకుని వచ్చేస్తారు. ఆ బొమ్మలు దెబ్బ ఎలా కొట్టారో చెబుతాయి గానీ, తిన్న మనిషెవరో చెప్పవు. అది తెలియాలంటే ఆడవాళ్ళ జైలు భవనంలోకి వెళ్ళాలి. పాతది కూల్చేస్తే మళ్ళీ కట్టారు.

1919 ఉద్యమంలో పట్టుబడ్డ ఆడవాళ్ళు ఎనిమిదో నంబరు గదిలో ఉండేవారు. యు గ్వాన్‌సున్ పేరు కొరియాలో చిన్నపిల్లలకూ తెలుసు. సంతలో ఊరేగింపు నడిపిన స్కూలు పిల్ల. తల్లినీ తండ్రినీ ఆ రోజే పోగొట్టుకుంది. 1920 సెప్టెంబరు 28న, 18 ఏళ్ళు నిండకుండానే జైల్లో కన్నుమూసింది. మిగతావాళ్ళ సంగతి? కిమ్ హ్యాంగ్‌హ్వా విందుల్లో ఆడిపాడే 'గిసేంగ్'. తోటి గిసేంగ్‌లను కూడగట్టి వీధిలో నినాదాలు చేసింది. ఇంకొకామెకు చూపే లేదు. ఇమ్ మ్యోంగ్ఏ గర్భిణి. పురిటికని బయటికి పంపి, పసిగుడ్డుతో సహా మళ్ళీ లోపలేశారు. చలికి పిల్ల గుడ్డలు ఆరకపోతే యు గ్వాన్‌సున్ తన ఒంటికి చుట్టుకుని ఆరబెట్టేదని చెబుతారు. బాలింత గదిలోకి చలిగాలి రానివ్వని మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

నాకున్న ఫిర్యాదు వేరే. జపాన్ వెళ్ళిపోయాక ఆ జైలు మూతపడలేదు. 1987 దాకా సొంత ప్రభుత్వాలే నడిపాయి. 1975 ఏప్రిల్ 9న, సుప్రీంకోర్టు తీర్పు వచ్చి రోజు తిరక్కుండానే, ఎనిమిదిమందిని అక్కడే ఉరితీశారు. 2007లో కోర్టు వాళ్ళు నిర్దోషులంది. ఆ 32 ఏళ్ళూ దేశద్రోహుల ఇంటివాళ్ళన్న మచ్చ మోసింది భార్యలూ పిల్లలే కదా! అయినా మ్యూజియంలో ఎక్కువ చోటు జపాన్ కాలానిదే. పరాయివాడు కొట్టిన దెబ్బ చూపించినంత తేలిగ్గా మనవాళ్ళు కొట్టింది చూపించలేం. ఈ మాట ఒక్క కొరియాకే అంటగట్టలేను.

ఉరితీసిన చెక్క ఇల్లు ఇంకా ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే అక్కడ నిలబెట్టి ఈ రెండో కథా చెప్పండి. మెట్రో మూడో లైనులో దొంగ్‌నిమ్మున్ స్టేషన్‌లో దిగాలి. సోమవారం సెలవు.