ఆ బిడ్డను ఎక్కడికి తీసుకొనిపోవలెను?

మారుమూల స్టేషనులో పనిచేయు గ్యాంగ్‌మన్ బిడ్డకు పొట్ట ఉబ్బినది, నెత్తురు తగ్గినది, ఎదుగుదల ఆగినది. రక్తహీనతకు మందిచ్చి పంపినారు. నెలలు గడచినవి. అది గౌషర్ వ్యాధి కావచ్చునన్న అనుమానము ఎవరికిని రాలేదు. పల్లెలోని పోస్టుమన్ బిడ్డకైనను ఇదే గతి.

జన్యులోపము వలన ఒక ఎంజైము కొరవడి, కొవ్వుపదార్థము ప్లీహములో, కాలేయములో పేరుకొనుటయే ఈ వ్యాధి. రక్తపరీక్షతో నిర్ధారింపవచ్చును. ఎక్కువమందికి వచ్చు రకమునకు, ఆ ఎంజైమును రెండు వారములకొకసారి ఎక్కించు చికిత్స ఉన్నది. అది జీవితాంతము సాగవలెను.

2021లో కేంద్ర ప్రభుత్వము అరుదైన వ్యాధుల జాతీయ విధానమును ప్రకటించినది. హైదరాబాదులోని నిమ్స్ వంటి ఆసుపత్రులు ప్రత్యేక కేంద్రములైనవి. 2022లో సహాయ పరిమితిని రోగికి 50 లక్షల రూపాయలకు పెంచినారు. కాని ఆ గడప వరకు చేరుటయే మనవారికి దుస్సాధ్యము. చేరినను, పక్షమునకొకసారి సెలవు ఎవరిత్తురు? దూరప్రాంతమునకు బదిలీయైన చికిత్స ఏమి కావలెను?

అనుమానము కలిగిన వెంటనే బిడ్డను నేరుగా ప్రత్యేక కేంద్రమునకు పంపవలెను. వికలాంగ సంతానమును పోషించు ఉద్యోగులకు సాధారణ బదిలీల నుండి 2014లో ఇచ్చిన మినహాయింపును ఈ తల్లిదండ్రులకును వర్తింపజేయవలెను. గ్రామీణ డాక్ సేవకుల బిడ్డలను విస్మరింపరాదు.

బ్రాంచి కార్యదర్శులారా! మీ పరిధిలో అట్టి బిడ్డ ఉన్నచో దరఖాస్తు వ్రాయించుడు, వెంట నడువుడు. ఆ కుటుంబము ఒంటరిగా ఆసుపత్రుల చుట్టు తిరుగుట మన యూనియనుకు గౌరవము కాదు.