మాట్లాడే మైనాను కొనకండి

హైదరాబాద్ పాతబస్తీలోని ముర్గీ చౌక్ చుట్టుపక్కల ఎవరైనా గొంతు తగ్గించి ‘బోల్నేవాలా మైనా ఉంది, చూస్తారా’ అంటే అక్కడ ఆగకండి. పిల్లలు మారాం చేసినా సరే, బేరమాడకండి. ఎండాకాలం ఆ పిట్ట పిల్లల్ని చేసే కాలం. తొర్రల్లో చేతులు పెట్టి వాటిని ఎత్తుకొచ్చేదీ అప్పుడే.

‘ఊరంతా గోరింకలే, ఒకటి పంజరంలో ఉంటే ఏం పోయింది’ అనేవారికి చెప్పాల్సింది ఒకటుంది. మక్కా మసీదు దగ్గర గింజలేరుకుంటూ గెంతే గోధుమరంగు గోరింక వేరు. కంటి పక్కన పసుపు మచ్చ ఉన్న ఆ పిట్ట మనిషి ఎక్కడుంటే అక్కడ బతికేస్తుంది. ఆస్ట్రేలియాకు తీసుకెళ్తే అక్కడి పక్షుల తొర్రలనే ఆక్రమించింది. ప్రపంచంలోని 100 చెడ్డ చొరబాటు జీవుల జాబితాకూ ఎక్కింది!

మాటలకు పేరుపడ్డది దాని బంధువు కొండ గోరింక. నిగనిగలాడే నలుపు, నారింజ ముక్కు, తల వెనక పసుపు చర్మపు మడతలు. దానికి అడవి పండ్లు కావాలి, తొర్రలున్న పెద్ద చెట్లు కావాలి. పెట్టేది రెండు మూడు గుడ్లే. మనకు దగ్గర్లో అది మిగిలింది ఉత్తరాంధ్ర, ఒడిశా, బస్తర్ అడవుల్లో. ఛత్తీస్‌గఢ్‌కు అది రాష్ట్ర పక్షి. జగదల్‌పూర్‌లో బోనుల్లో పిల్లల్ని చేయించాలని ఏళ్ల తరబడి తంటాలు పడ్డా ఫలితం దక్కలేదు. ఆడేదో మగేదో చూపుకు తెలియకపోవడం ఒక చిక్కు. సర్కారుకే సాధ్యం కానిది సందులోని వ్యాపారికి సాధ్యమైందా? ‘ఇంట్లో పుట్టిన పిల్లే’ అంటే నమ్మకండి.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ రెడ్ లిస్టులో రెండింటికీ ఒకటే ముద్ర: అంతగా ఆందోళన అక్కర్లేనివి. అది ప్రపంచమంతా కలిపి వేసిన లెక్క. అందులోనూ గోరింకలు పెరుగుతున్నాయి, కొండ గోరింకలు తగ్గుతున్నాయి. పంజరాల వ్యాపారం వల్లే 1997లో, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో కొండ గోరింకలను చేర్చారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ రెంటిలో దేన్ని పట్టి అమ్మినా నేరమే, కొన్నవారికీ తప్పించుకునే దారి లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణతో మామూలు కేసులోనే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

పుణ్యం కోసం కొని ఎగరేసేవారూ ఆలోచించాలి. మీ డబ్బుతోనే రేపటి వల వస్తుంది. పైగా కొండ గోరింకను పాతబస్తీ మిద్దె మీంచి వదిలితే అది ఏం తిని బతకాలి? ఇంట్లో ఇప్పటికే ఉంటే అటవీ శాఖకు కబురు పెట్టండి, వాళ్లొచ్చేదాకా నీడన ఉంచి నీళ్లు పెట్టండి. అది ‘సలాం’ అన్న వీడియోను మాత్రం ఎవరికీ పంపకండి. అమ్మేవాడికి అంతకు మించిన ప్రచారం లేదు.